ఉపగ్రహముల వాక్కు

1982వ సంవత్సరము జులై 16వ తేదీన అమెరికా దేశము లాండ్‌శాట్-4 అను ఉపగ్రహమును అంతరిక్షమునకు పంపెను. భూమిని పరిశీలించుటకై ఆ వరుసలో అంతకుముందు పంపిన మూడు ఉపగ్రహములకంటె దీని చూపు మిక్కిలి నిశితమైనది. పూర్వపు ఉపగ్రహములలోని ముఖ్యయంత్రము నేలపై సుమారు 80 మీటర్ల చదరమును ఒక్క చుక్కగా మాత్రమే చూపగలిగెను. దీనియందు అమర్చిన క్రొత్త యంత్రము 30 మీటర్ల చదరమును వేరు చేసి చూపును. పైరు పచ్చదనమును, నేలలోని తడిని, ఏటి ఒడ్డున మేట వేసిన ఇసుకను ఇక సూక్ష్మముగా తెలిసికొనవచ్చునని శాస్త్రజ్ఞులు సంతోషించిరి.

సంవత్సరము తిరుగకమునుపే, ఆ చిత్రములను సూటిగా నేలకు పంపవలసిన ట్రాన్స్‌మిటర్లు రెండును చెడిపోయినవి. ఉపగ్రహము తన కక్ష్యలో తిరుగుచునే యుండెను. దాని కన్ను చెక్కుచెదరలేదు. అయినను తాను చూచిన దానిని చెప్పుటకు దానికి నోరు లేకపోయెను. కోట్ల డాలర్లు వెచ్చించి నిర్మించిన యంత్రము క్రింద నున్న అడవులను, నదులను, నగరములను చూచుచు, చూచినది తనలోనే దాచుకొని మూగవలె తిరిగినది. భూమికి ఇంకను ఎంతో ఎత్తున నిలిచి, ఒక ఉపగ్రహము మాటను అందుకొని నేలకు చేరవేయు మరియొక ఉపగ్రహము 1983 ఏప్రిలులో బయలుదేరి, తన స్థానమునకు చేరి, పనిలో ప్రవేశించిన పిమ్మటనే లాండ్‌శాట్-4 ఆ మధ్యవర్తి ద్వారా తన చిత్రములను పంపగలిగెను.

భారతయుద్ధకాలమున వ్యాసుడు సంజయునకు దివ్యదృష్టిని ప్రసాదించెనని అందరును ఎరుగుదురు. హస్తినాపురమున కూర్చున్న ధృతరాష్ట్రునకు కురుక్షేత్ర వృత్తాంతము తెలిసినది మాత్రము సంజయుని వాక్కు వలననే. ఉపగ్రహములను గూర్చి వ్రాయువారు వాని కన్నులనే మెచ్చుకొందురు. ఎన్ని మీటర్ల వస్తువును చూడగలదు, మబ్బుల చాటున నున్న దానిని కనిపెట్టగలదా అని విచారింతురు. వాని వాక్కును గూర్చి పలుకువారు అరుదు. ఆ వాక్కు నడచుటకు ఒక బాట కావలెను. ఆ బాట కంటికి కనబడదు. అయినను దానికి హద్దులు కలవు, ఇరుగుపొరుగులు కలరు, తగవులును కలవు.

చిత్రము నేలకు ఎట్లు వచ్చునో ముందు తెలిసికొనవలెను. ఉపగ్రహము తీసిన చిత్రము కాగితముపై అచ్చువేసినట్టిది కాదు. నేలను చిన్న చిన్న చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరమునుండి ఎంత వెలుతురు వచ్చినదో కొలిచి, ఆ కొలతను ఉపగ్రహము అంకెగా మార్చును. ఆ అంకెలన్నియు సున్న, ఒకటి అను రెండు గుర్తులతోనే వ్రాయబడును. ఈ గుర్తులకు బిట్లని పేరు. రేడియో తరంగము ఆ బిట్లను మోసికొని నేలకు దిగును. తరంగము ఒక సెకనులో ఎన్ని సారులు కంపించునో ఆ సంఖ్యను పౌనఃపున్యమందురు. సెకనుకు ఒక కంపనమైనచో ఒక హెర్ట్జ్. పది లక్షలైనచో మెగాహెర్ట్జ్. నూరు కోట్లైనచో గిగాహెర్ట్జ్. పౌనఃపున్యము పెరిగినకొలది తరంగము పొట్టిదగును.

ఒక్క ఉదాహరణమును లెక్క కట్టి చూచినచో విషయము బోధపడును. భారతదేశము నిర్మించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ అను ఉపగ్రహము 1988 మార్చి 17వ తేదీన సోవియట్ దేశమునందలి బైకొనూరునుండి బయలుదేరెను. అది 904 కిలోమీటర్ల ఎత్తున తిరిగినది. దాని మొదటి కెమేరా నేలపై అడ్డముగా 2,048 చదరములు గల ఒక వరుసను ఒకేసారి చూచెడిది. ఒక్కొక్క చదరము పొడవు 72.5 మీటర్లు. ఉపగ్రహపు నీడ నేలపై సెకనుకు సుమారు ఆరున్నర కిలోమీటర్లు పరుగెత్తుచున్నదనుకొనినచో, సెకనుకు దాదాపు 90 వరుసలు పూర్తి కావలెను. కెమేరా నాలుగు రంగుల పట్టీలలో చూచును. ప్రతి కొలతకు 7 బిట్లు. వీనినన్నింటిని గుణించినచో సెకనుకు 51 లక్షలకు పైగా బిట్లు వచ్చును. ఇతర గుర్తులను కూడ కలుపుకొని అది పంపినది సెకనుకు 52 లక్షలు.

ఆ ఉపగ్రహమునందే రెండవ రకపు కెమేరాలు రెండు ఉండెను. వాని చదరము మొదటి దానిలో సరిగా సగము, 36.25 మీటర్లు. చదరపు భుజము సగమైనచో బిట్లు రెండింతలగునని తొందరపడి చెప్పరాదు. అంతే నేలను చూపుటకు అడ్డముగా రెండింతలు, నిలువుగా రెండింతలు చదరములు కావలెను గదా! అనగా నాలుగింతలు. ఆ రెండు కెమేరాలు కలిసి సెకనుకు 208 లక్షల బిట్లను పంపెను. చూపు ఒక మెట్టు నిశితమైనచో వాక్కునకు పడు భారము అంతకంటె ఎంతో త్వరగా పెరుగును. ఉపగ్రహములను నిర్మించువారిని విడువక వెంటాడు చిక్కు ఇదియే.

ఈ భారమును మోయుటకు ఎట్టి బాట కావలెను? 137 మెగాహెర్ట్జ్‌ల దగ్గర రెండు మీటర్లకు పైబడిన పొడవైన తరంగములు కలవు. అనేక సంవత్సరములు అమెరికా వాతావరణ ఉపగ్రహములు ఈ తరంగములపై మబ్బుల చిత్రములను పంపుచుండెడివి. మిద్దెపై చిన్న యాంటెన్నా కట్టుకొనిన విద్యార్థి సైతము వానిని పట్టుకొనగలిగెడివాడు. అది సామాన్యులకు అందిన సొగసైన విద్య. కాని ఆ పట్టీ వెడల్పు ఒక్క మెగాహెర్ట్జ్ మాత్రమే. నాలుగు కిలోమీటర్లకు ఒక చుక్కగా మబ్బులను చూపుటకు అది చాలును. పొలములను చూపుటకు చాలదు.

బాట వెడల్పును బట్టియే బిట్ల ప్రవాహము. ఇరుకైన తూములోనుండి ఎంతటి చెరువునకైనను కొద్దిపాటి నీరే పారును. కావున శాస్త్రజ్ఞులు పై పౌనఃపున్యములవైపు చూచిరి. 2,200 మొదలు 2,290 మెగాహెర్ట్జ్‌ల వరకు గల పట్టీ ఎస్ బ్యాండు అను దానిలోనిది. 1972లో వెడలిన లాండ్‌శాట్-1 ఈ పట్టీలోనే చిత్రములను పంపెను. ఐ.ఆర్.ఎస్.-1ఎ యొక్క మొదటి కెమేరాకును ఇదియే ఆధారమయ్యెను. రెండవ రకపు కెమేరాల భారము హెచ్చగుటచే వానిని 8,025 మొదలు 8,400 మెగాహెర్ట్జ్‌ల వరకు గల పట్టీకి మార్చిరి. దీనిని ఎక్స్ బ్యాండు అందురు. ఈ ఆంగ్లాక్షరముల పేళ్ళు రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాడారు పనిలో పుట్టినవి. రహస్యము బయటపడకుండుటకై పెట్టిన పేళ్ళగుటచే వానిలో అక్షరక్రమమును వెదకుట వ్యర్థము.

ఎక్స్ బ్యాండు వెడల్పు 375 మెగాహెర్ట్జ్‌లు. దూరసంవేదన ఉపగ్రహములకు ఇది రాజమార్గమైనది. 1995 డిసెంబరు 28వ తేదీన వెడలిన ఐ.ఆర్.ఎస్.-1సి ఈ మార్గమున రెండు ధారలను నడపెను. 8,150 మెగాహెర్ట్జ్‌ల వద్ద 5.8 మీటర్ల చూపు గల కెమేరా చిత్రములు సెకనుకు సుమారు 849 లక్షల బిట్లుగా వచ్చెను. 8,350 వద్ద మరియొక కెమేరా చిత్రములు సుమారు 424 లక్షలుగా వచ్చెను. ఎనిమిదేండ్లు నిండకమునుపే వాక్కు భారము ఇంచుమించు అయిదింతలయ్యెను.

ఈ వాక్కును వినుటకు తెలంగాణమున హైదరాబాదునకు దాదాపు 60 కిలోమీటర్ల దూరమున షాద్‌నగరమునందు ఒక కేంద్రము కలదు. 1979 నాటినుండి అది ఉపగ్రహముల మాట వినుచున్నది. మొట్టమొదట లాండ్‌శాట్ చిత్రములను అందుకొనెను; పిమ్మట స్వదేశపు ఉపగ్రహముల వంతు వచ్చెను. నగరపు రేడియో రొదకు దూరముగా నుండుట ఇట్టి కేంద్రములకు మేలు. తిరునాళ్ళలో ఒకడు చెవిలో చెప్పిన మాట వినబడునా?

అక్కడి యాంటెన్నాలు పెద్ద పళ్ళెములవంటివి. 7.5 మీటర్ల వ్యాసము గల పళ్ళెము ఎక్స్ బ్యాండులో ఆకాశమున చూచు భాగము పూర్ణచంద్రబింబము కంటెను సన్ననిది. ఉపగ్రహము సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవుచుండును. ఆ సన్నని చూపును దానిపైనుండి తొలగనీయక పళ్ళెము తిరుగుచుండవలెను. ఉపగ్రహము దిక్చక్రమున పొడచూపినది మొదలు అవతలి దిక్కున అస్తమించు వరకు పట్టునది పదునైదు నిమిషములకు మించదు. నెత్తిమీదుగా పోక ప్రక్కగా పోయినచో ఇంకను తక్కువ. ఎదురుగా వచ్చు రైలు కూత హెచ్చు స్వరముతోను, దాటిపోయిన రైలు కూత తగ్గు స్వరముతోను వినబడునట్లు, ఉపగ్రహపు పౌనఃపున్యము కూడ వచ్చునపుడు పెరిగి పోవునపుడు తగ్గును. ఎనిమిది గిగాహెర్ట్జ్‌ల వద్ద ఈ మార్పు ఒకటిన్నర లక్ష హెర్ట్జ్‌లకు పైబడును. వినువాడు దానిని కూడ సవరించుకొనుచుండవలెను. ఆ కొద్ది నిమిషములలో జారిపోయిన బిట్లు, ఉపగ్రహమునందు దాచి యుంచకపోయినచో, మరల రావు. నాటి వరదనీరు నాడే తీయును. మరునాటి చిత్రమున కనబడునది మరియొక వరద.

ఇక బాట ఇరుగుపొరుగుల మాట. ఎక్స్ బ్యాండు పట్టీ 8,400 మెగాహెర్ట్జ్‌ల వద్ద ముగియును. ఆ గట్టు దాటినంతనే 8,450 వరకు గల పట్టీ దూరాంతరిక్షమున సంచరించు నౌకలకు కేటాయింపబడినది. 1977లో వెడలిన వాయేజర్-1 పలుకునది ఇక్కడనే. అది భూమికి 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. దాని ట్రాన్స్‌మిటరు శక్తి ఇంటిలోని చిన్న దీపమునకు చాలునంత. దాని మాట వెలుతురు వేగముతో వచ్చినను నేలకు చేరుటకు 22 గంటలకు మించి పట్టును. అంత దూరమునుండి వచ్చు ఆ సన్నని ధ్వనికి ప్రక్కనే, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహము బిగ్గరగా కేకవేయుచున్నది. కేక కొంచెము గట్టు దాటినను వాయేజరు మాట మునిగిపోవును. కావున దూరసంవేదన ఉపగ్రహములలో గట్టు దాటు శక్తిని అణచివేయు జల్లెడలను అమర్తురు. నేలపై వినువాడు లేనిచోట ట్రాన్స్‌మిటరును ఆపివేయుట కూడ మంచి మర్యాదగా పాటింపబడుచున్నది. చెరువు క్రింది రైతులు వంతు తీరగానే తూము మూయుట వంటిదే ఇదియు.

ఈ కేటాయింపులు చేయునది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము. ఇది 1865లో తంతివార్తల కొరకు పారిస్ నగరమున ఏర్పడినది. అంతరిక్ష వార్తాప్రసారములకై ప్రత్యేకముగా తరంగములను పంచుటకు 1963లో జెనీవాయందు సభ జరిగెను. అప్పటినుండియు కొన్ని ఏండ్లకొకసారి దేశములన్నియు కూడి హద్దులను సరిచూచుకొనుచున్నవి. దండించు సైన్యమేదియు ఆ సంఘమునకు లేదు. ఒకని మాటను మరొకడు చెరచినచో తన మాటయు చెడునను ఎరుకయే ఇక్కడ కావలి. ఇన్ని విషయములలో కలహించు దేశములు ఈ ఒక్క విషయమున చాలవరకు నియమమునకు లోబడి యుండుట ఆశ్చర్యకరమే.

ఎక్స్ బ్యాండు నిండుచుండగా ఇంజనీర్లు ఉపాయములను వెదకిరి. తరంగము ముందుకు సాగునపుడు కుడివైపునకు మెలికలు తిరుగవచ్చును, ఎడమవైపునకును తిరుగవచ్చును. ఒకే పౌనఃపున్యముపై ఈ రెండు విధముల తరంగములను ఒకేసారి పంపి, నేలపై వేరు చేయవచ్చును. దానితో ఒక బాట రెండు బాటల పని చేయును. 2012 ఏప్రిల్ 26వ తేదీన భారతదేశము పంపిన రిశాట్-1 ఈ ఉపాయముతో సెకనుకు 64 కోట్ల బిట్లను పంపెను. అది వెలుతురుపై ఆధారపడునది కాదు; రాడారు తరంగములతో చీకటిలోను, మబ్బుల చాటునను చూచునది. గోదావరి గట్లు తెగినపుడును, తీరమున తుపాను విరుచుకొని పడినపుడును, ఏ ఊరు నీట మునిగినదో చూపుటకు ఇట్టి కన్నులే ఆధారము. వరదనీటి పటములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు సిద్ధపరచి ప్రభుత్వములకు పంపుదురు.

ఇంకను విశాలమైన బాట కావలెనన్నచో కా బ్యాండునకు పోవలెను. 25.5 మొదలు 27 గిగాహెర్ట్జ్‌ల వరకు గల ఆ పట్టీ వెడల్పు 1,500 మెగాహెర్ట్జ్‌లు. ఎక్స్ బ్యాండు పట్టీకి నాలుగింతలు. అక్కడి తరంగము పొడవు ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఇంతకంటెను పొట్టి తరంగములను జగదీశచంద్ర బోసు పుట్టించి, 1895 ప్రాంతమున కలకత్తాలో గోడల చాటునుండి గంట మ్రోగించి చూపెను. నాడు అది వింతగా కనబడినది; దాని ప్రయోజనము నెరవేరుటకు నూరేండ్లు పట్టినది. 2025 జులై 30వ తేదీన శ్రీహరికోటనుండి వెడలిన నైసార్ అను ఉపగ్రహము, భారతదేశమును అమెరికా దేశమును కలిసి నిర్మించినది, తన విస్తారమైన రాడారు చిత్రములను కా బ్యాండులోనే పంపుటకు ఏర్పాటు కలిగి యున్నది.

ఈ విశాలమైన బాటకు ఒక లోపము కలదు. వాన! చినుకు తరంగము పొడవునకు సమీపించినకొలది తరంగశక్తిని మ్రింగివేయును, చెదరగొట్టును. ఎస్ బ్యాండు వానను ఇంచుమించు లెక్కచేయదు. ఎక్స్ బ్యాండు కొంత నష్టపడినను ఓర్చుకొనును. కా బ్యాండు జడివానలో తడబడును. ఎండకాలమున అందరును మెచ్చు వాక్కు, తుపాను దినమున, అనగా మాట మిక్కిలి అవసరమైన దినమున, గద్గదమగును. ఇందుకు మందు లేకపోలేదు. ఒకచోట వాన యున్నపుడు మరియొకచోట వినవచ్చును. ధ్రువకక్ష్యలో తిరుగు ఉపగ్రహము దినమునకు సుమారు పదునాలుగు సారులు భూమిని చుట్టును. షాద్‌నగరమునకు వానిలో కొన్ని మాత్రమే కనబడును. ధ్రువప్రాంతమునకో, ప్రతి చుట్టులోను దగ్గరగా వచ్చును. అక్కడ వానయు లేదు. అంటార్కిటికా ఖండమున భారతి అను స్థావరమునందు 2013లో భారతదేశము ఒక గ్రాహకకేంద్రమును నెలకొల్పినది. మంచుపై విన్న మాట మరియొక ఉపగ్రహము ద్వారా షాద్‌నగరమునకు చేరును. ఏమైనను అన్ని దేశములకును అంటార్కిటికాలో స్థావరములు లేవు. కా బ్యాండు యంత్రములు వెల హెచ్చినవి. చిన్న దేశములకును, పాత ఉపగ్రహములకును, వానదినములకును ఎక్స్ బ్యాండే దిక్కు.

ఆ ఎక్స్ బ్యాండునకు ఇప్పుడు క్రొత్త పొరుగువారు రాదలచినారు. 2023 నవంబరు, డిసెంబరు మాసములలో దుబాయి నగరమున జరిగిన ప్రపంచ రేడియో సభలో, రాబోవు తరము మొబైలు ఫోనులకు తరంగములను వెదకవలెనని నిశ్చయించిరి. పరిశీలింపవలసిన పట్టీలలో 7,125 మొదలు 8,400 మెగాహెర్ట్జ్‌ల వరకు గల ప్రదేశము, లేక దానిలో కొన్ని భాగములు, చేరియున్నవి. తీర్పు 2027 సభకు వదలబడినది. ఫోను కావలెనని కోరువారి కోరిక న్యాయమైనదే. వరదలో చిక్కిన మనుష్యుడు సహాయమునకై పిలుచుట కూడ ఫోనులోనే గదా! కాని ఫోను స్తంభములు ఊరూర నుండును. వాని శక్తి నేలపైననే ప్రసరించును. పూర్ణచంద్రునికంటె సన్నని చూపుతో ఆకాశమున ఒక్క చుక్కను వెంబడించు పళ్ళెమునకు, దిక్చక్రమున ఉపగ్రహము అప్పుడే తల యెత్తినపుడు, దాని మాట అత్యంత క్షీణముగా నున్న ఆ క్షణమున, స్తంభపు కేక ప్రక్కనుండి సోకును.

కావున స్తంభము వినుకేంద్రమునకు ఎంత దూరమున నుండవలెను, ఎంత శక్తితో పలుకవలెను, ఎన్ని స్తంభములు కూడినచో పళ్ళెము చెవిటిదగును అను లెక్కలను రెండు పక్షముల ఇంజనీర్లును కట్టవలసి యున్నది. కొండ అడ్డమున్నచో దూరము తగ్గును, మైదానమైనచో పెరుగును. షాద్‌నగరము చుట్టునున్నది ఎత్తయిన కొండలు లేని పీఠభూమి. హైదరాబాదు నగరము ఏటేట ఆ దిక్కునకే పెరుగుచున్నది.